సబ్బు మీద పడ్డ అక్షింతలు

పోయినేడు ములుగు దగ్గరి ఒక పల్లెలో సోమక్క అనే పెద్దావిడ తన మనవడి పెళ్లికి దోసెడు అక్షింతలు వేసింది. అవి మనవడి మీద పడలేదు, సబ్బు మీద పడ్డాయి. ఆ పాపంలో మాకూ వాటా ఉంది కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

మాది ఖిలా వరంగల్‌లో వలీ డిజిటల్ లైవ్. వలీ మా నాన్న, నేను అబ్బా అని పిలుస్తాను. ఒకప్పుడు భుజం మీద మణుగు బరువు కెమెరా మోసుకుంటూ పెళ్లిళ్లు తీసేవాడు. ఇప్పుడు అవే పెళ్లిళ్లను, రాలేని చుట్టాలకు ఫోన్లలో లైవ్‌గా చూపిస్తున్నాడు. కెమెరాలు, లైట్లు, పెళ్లివాళ్లను నవ్వించడం ఆయన పని. కంప్యూటర్లు, వైర్లు, చుట్టాల తిట్లు నా పని. నా పేరు ఫర్హానా. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. తిట్లన్నీ నాకు అప్పజెప్పినవాళ్లే ఆ మాట అనడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

మా వైపు లైవ్‌లో పెళ్లి చూడటమంటే ఊరికే కూర్చుని చూడటం కాదు. ఇంట్లో పసుపు బియ్యం కలుపుకుని, ఫోన్నో టీవీనో పీట మీద పెట్టుకుని, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి తెర మీద అక్షింతలు చల్లుతారు. హాల్లో గట్టిమేళం మోగినప్పుడే అక్కడ ఇంట్లోనూ బియ్యం రాలాలి. ముహూర్తం దాటాక వేస్తే అది దీవెన కిందికి రాదని పెద్దవాళ్ల పట్టుదల. మీరు నవ్వుకోవచ్చు. ఆ బియ్యం కొంచెం వెనకాముందు పడ్డందుకు నాకు వచ్చే ఫోన్లు వింటే నవ్వరు.

పోయినేడు మేము ఊరికే దొరికే ఒక వీడియో సైట్‌లో లైవ్ పెట్టేవాళ్లం. సోమక్క మనవడి పెళ్లిలో సరిగ్గా ముహూర్తానికి ఆ సైట్ వాళ్లు ప్రకటన వేశారు. ఆమెకు చూపు అంతంత మాత్రం. తెర మీద ఎవరో ఆడమనిషి ముస్తాబై నవ్వుతూ కనబడేసరికి, పెళ్లికూతురే అనుకుని దోసిలి విప్పేసింది. తీరా చూస్తే ఆ మనిషి చేతిలో బట్టల సబ్బు ఉంది.

తెల్లారి నాకు ఫోన్ వచ్చింది. "ఏం బిడ్డా ఫర్హానా, నా చేత సబ్బుకు దీవెన పెట్టిచ్చినవ్ గదా. ఆ సబ్బు నూరేండ్లు సల్లగుండాలె. నా మనుమడేమో ఎట్లనన్న పోనీ, అంతేనా?"

నేను ఫోన్ నాన్న చేతికిచ్చాను. ఆయన "అక్కా, సిగ్నల్ లేదు" అని పెట్టేశాడు.

ఈ ఏడు ఆమె మనవరాలు వినోదకు పెళ్లి కుదిరింది. వినోద నాతో డిగ్రీ చదివింది. పదో తరగతి దాకా ఆ పల్లెలో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. సోమక్కకు తుంటి ఎముక విరిగినప్పటి నుంచి జీపు ప్రయాణం కుదరదు. పెళ్లి ఊళ్లోనే పెట్టుకుందామని వినోద అంటే, ఇంతమంది వస్తే మా బాయిల నీళ్లు చాలవని సోమక్కే వద్దంది. అందుకని హన్మకొండలో ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్నారు.

ఖిలాలో తోరణం ముందు వినోదకు పెళ్లి ఫొటోలు తీసిన రోజు ఇంకా గుర్తుంది. ఆ పిల్లకు ఒక అలవాటు ఉంది. తల వంచమంటే చాలు, ముందు కింది పెదవి కొరుక్కుంటుంది, తర్వాత వంచుతుంది. ప్రతి ఫొటోలోనూ అదే వరస. "పెదవి వదలమ్మా, నీ పెదవి ఎక్కడికీ పోదు" అని నాన్న బతిమాలుతున్నాడు. నాకైతే ఒళ్లు మండింది. అందరం అలసిపోయి రాతి గద్దె మీద కూర్చున్నప్పుడు వినోద నా చెయ్యి పట్టుకుంది.

"ఫర్హానా, అందరు వస్తరు, అమ్మమ్మ ఒక్కతే రాదు. ఆమె అచ్చింతలు పడకుంటే నాకు పెండ్లి అయినట్టే గాదు. ఈసారి సబ్బు రావొద్దు."

"రాదు. ముహూర్తానికే మీ అమ్మమ్మ అచ్చింతలు పడ్తయ్. నాది మాట," అన్నాను.

అన్నంత తేలికైతే ఇంకేం. సొంతంగా, ప్రకటనలు లేకుండా లైవ్ పంపాలంటే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ ఒకటి కావాలి. సీడీఎన్ అంటారు. మా హాలు నుంచి వీడియో ఒక్కసారి వాళ్లకు చేరితే, వాళ్లు దాన్ని ఊరూరా పెట్టుకున్న సర్వర్లకు పంపుతారు, చూసేవాళ్లకు దగ్గర్లో ఉన్న సర్వర్ నుంచి అందుతుంది. నాన్నకు ఇదంతా చెబితే తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు.

"అంటే ఒక్క గుండిగ కాడికి అందరు ఎగబడకుంట, పంక్తికొక బకెట్ పెట్టి వడ్డిస్తరు. అంతే గదా?"

అంతే. అయితే వడ్డించేవాళ్లు మంచివాళ్లో కాదో పెళ్లి రోజు దాకా తెలియదు. అందుకే ముందే పరీక్ష పెట్టుకున్నాను. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకటి బెంగళూరులోని పెద్ద కంపెనీ. రెండోది మడికొండ ఐటీ పార్కులో కొత్తగా ఆఫీసు తెరిచిన చిన్న కంపెనీ, దాని తరఫున సాయికిరణ్ అనే కుర్రాడు వచ్చాడు.

బెంగళూరు ఆయన వీడియో కాల్లో హిందీలో మాట్లాడాడు. ప్రపంచపటం చూపించాడు. అందులో ఎన్నెన్నో చుక్కలు వెలుగుతున్నాయి. మాకు ములుగు చుట్టుపక్కల ఫోన్లకు అందితే చాలు, మీ దగ్గరి చుక్క ఎక్కడ అని అడిగితే ముంబై అన్నాడు. ఆదివారం ముహూర్తానికి లైవ్ ఆగితే ఫోన్ ఎవరు ఎత్తుతారంటే, మెయిల్ పెట్టండి, టికెట్ నంబర్ వస్తుందన్నాడు. టికెట్ పట్టుకుని జీలకర్ర బెల్లం ఆపమని అయ్యగారిని అడగాలి కాబోలు. వాడినా వాడకపోయినా నెలనెలా ఇంత కట్టాలన్నాడు. అప్పుడు నేను అసలు ప్రశ్న వేశాను.

"మరి మూఢం నెలల్లో?"

ఆయన, మూఢమంటే సర్వర్ డౌన్ అయ్యే టైమా అని అడిగాడు.

"ఔ సార్," అన్నాడు నాన్న పక్కనుంచి, "పైనోని సర్వర్."

సాయికిరణ్ దగ్గర అంత పటం లేదు. హైదరాబాద్‌లో సర్వర్ ఉంది, ఫోన్ తానే ఎత్తుతాడు, కావాలంటే హాలుకే వస్తాడు. మూఢం సంగతి అడగకముందే తానే ఎత్తాడు. "పెండ్లిళ్లు లేని నెల మాకేం ఇయ్యొద్దు మేడమ్. మా అక్క పెండ్లి గూడ మూఢం పోయేదాక ఆగింది. నాకెర్కలేదా?"

మాటలకేం, కోటలు దాటతాయి. నాకు కావలసింది సోమక్క ఫోన్‌లో ఏం కనబడుతుందో. అందుకని బస్సులో ములుగు పోయి, అక్కడినుంచి జీపులో ఆమె ఊరికి పోయాను. పథకం చిన్నదే. నాన్న ఖిలాలోని షాపులో కెమెరా ముందు నిలబడి చెయ్యెత్తుతాడు, ఎత్తగానే ఫోన్‌లో నాకు చెబుతాడు. సోమక్క తెర మీద ఆ చెయ్యి చూడగానే బియ్యం వెయ్యాలి. ఈ రెంటికీ మధ్య ఎంత ఆలస్యమో అదే ఆ కంపెనీ మార్కు.

సోమక్క ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి, ముందు స్టీలు పళ్లెం పెట్టి, రెండు చేతుల నిండా బియ్యం పట్టుకుని కూర్చుంది. నేను ఊరుకోకుండా సలహా ఇచ్చాను.

"అమ్మమ్మా, ఒక చేత్తోటి ఫోన్ పట్టుకో, మంచిగ కనపడ్తది. ఇంకో చేత్తోటి ఎయ్యి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క చేత్తోటి ఏసేటియి కోళ్లకు గింజలు బిడ్డా. అచ్చింతలకు దోసిలి గావాలె."

మొదట బెంగళూరు వాళ్లది. బొమ్మ అద్దంలా ఉంది. కానీ నాన్న "ఎత్తిన" అన్న చాలాసేపటికి గాని తెర మీద చెయ్యి లేవలేదు. ఆ తర్వాత సాయికిరణ్ వాళ్లది. బొమ్మ ఆ మాత్రం నునుపు లేకపోయినా నాన్న మీసం స్పష్టంగానే ఉంది, చెయ్యి తొందరగా లేచింది. నేను గడియారం తీసేలోపే సోమక్క తీర్పు చెప్పేసింది.

"ఆ మొదటోడు, ఆకుకు సున్నం రాసి, మడిచి, నోట్లె పెట్టుకున్నంక వచ్చిండు. ఈ రెండోడు ఒక తుమ్ముకు ఇంకో తుమ్ముకు నడుమల వచ్చిండు. ఈ తుమ్ము పిలగాడే మంచిగున్నడు."

నా గడియారం కూడా అదే చెప్పింది, కాకపోతే దానికి అంత బాగా చెప్పడం రాదు. తిరిగొచ్చి సాయికిరణ్‌కు ఫోన్ చేసి, వినోద నిశ్చితార్థాన్ని మీ సర్వీసు మీదే పంపుతాం, అది నిలబడితే పెళ్లి కూడా మీదే అన్నాను.

నిశ్చితార్థం కూడా అదే ఫంక్షన్ హాల్లో జరిగింది. మొదట బాగానే పోయింది. హాలు నిండుతున్న కొద్దీ లైవ్ ముక్కలు ముక్కలు కావడం మొదలైంది. ఉంగరాలు మార్చుకునే వేళకు పూర్తిగా ఆగిపోయింది. సోమక్క ఫోన్ చేసింది.

"బిడ్డా, వినోద నోరు తెరిచి అట్లనే ఉన్నది. జర మూయుమను, ఈగలు పోతయ్."

ఉంగరాలు ఆమె చూడలేదు. నాకు ఏడుపొకటే తక్కువ. ఏడవడం చేతకాక సాయికిరణ్‌కు ఫోన్ చేసి అరిచాను. మీ తుమ్ము కంపెనీ కన్నా ఆకూవక్క కంపెనీయే నయమని, రేపే బెంగళూరు వాళ్లతో ఒప్పందం చేసుకుంటామని, మడికొండలో ఇంకేదైనా వ్యాపారం చూసుకొమ్మని చెప్పాను. అతనికి తుమ్మేమిటో వక్కేమిటో అర్థం కాలేదు. "మేడమ్, ఒక్కసారి రేపు వచ్చి చూపెట్టి పోత. అటెనక మీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకు వచ్చాడు. ఎక్కడెక్కడ ఎంతమంది చూశారో చూపించే పటం తెరిచాడు. ములుగులో కొంచెం, హైదరాబాద్‌లో కొంచెం, హన్మకొండలో ఒకేచోట పే...ద్ద ఎర్ర మచ్చ.

"చూసినోళ్లల్ల సగం కంటె ఎక్కువ మంది ఈడనే ఉన్నరు మేడమ్. ఒక్క టవర్ కిందనే. ఆడ ఏమన్న హాస్టలున్నదా?"

"అక్కడ ఉన్నది మా ఫంక్షన్ హాలే. హాల్లో ఉన్నవాళ్లు లైవ్ ఎందుకు చూస్తరు? పెండ్లిపిల్ల కండ్ల ముందే ఉన్నది గదా!"

"అదే నేను గూడ అడుగుతాన్న," అన్నాడు సాయికిరణ్ మెల్లగా.

మా కెమెరాలో పూర్తి రికార్డింగు ఉంది కదా, వేసి చూశాం. నిశ్చితార్థం జరిగినంతసేపూ వేదిక వైపు చూసింది ఫొటోగ్రాఫరూ, అయ్యగారూ మాత్రమే. మిగతా హాలంతా తలలు వంచుకుని ఫోన్లు చూస్తోంది. ఒక పెద్దమనిషి కెమెరా వైపు చెయ్యి ఊపి, గబగబా ఫోన్ చూసి, తన చెయ్యి తనకు కనబడేదాకా ఆగి, కనబడగానే పక్కాయన తొడ మీద చరిచాడు. సాక్షాత్తూ వినోద తల్లి రాజేశ్వరక్క, కూతురి వేలికి ఉంగరం తొడుగుతుంటే ఫోన్లో తన చీర అంచు ఎలా వచ్చిందో చూసుకుంటోంది. వచ్చినవాళ్లందరూ తాము వచ్చిన నిశ్చితార్థాన్నే ఫోన్లో చూస్తున్నారు.

"వీళ్లందరికి లింక్ ఎవలిచ్చిన్లు?" అన్నాను.

కెమెరా అప్పుడు గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం పక్కన మనిషంత ఫ్లెక్సీ ఉంది. దాని మీద మా నాన్న బెంగళూరు వాళ్లు ప్రచారానికి కొరియర్లో పంపిన టోపీ పెట్టుకుని, కెమెరా పట్టుకుని నవ్వుతున్నాడు. కింద తట్టంత క్యూఆర్ కోడ్. పైన పెద్ద అక్షరాలతో, 'మీ పెళ్లి మీ ఫోన్లో! స్కాన్ చేయండి, చూడండి!'

నాన్న గొంతు సవరించుకున్నాడు. "పబ్లిసిటీ ఉంటదని పెట్టిన బేటా. ఇంత మంచిగ జేస్తానమని నలుగురికి తెల్వాలె గదా."

"అబ్బా! అందరు ఆ టవర్ మీదనే కూసున్లు. మన వీడియో బయటికి పోవాల్సింది గూడ ఆ టవర్ నుంచే!"

హాలు నుంచి మా సిమ్ కార్డులతో వీడియో పైకి పంపుతున్నాం. అదే టవర్ నుంచి హాలంతా అదే వీడియోను కిందికి లాక్కుంటోంది. ఇక సాయికిరణ్ కంపెనీ దాకా చేరేదేముంది, వాళ్లు పంచేదేముంది? బెంగళూరు వాళ్లయినా ఇంకెవరైనా ఇంతే అయ్యేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను ఆ కుర్రాడి మీద పడ్డాను. క్షమించమని మాత్రం అడగలేదు. చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించాను. మా ఇంట్లో రెండింటికీ అర్థం ఒకటే. అతను బిస్కట్టు చాయ్‌లో ముంచుకుని, "టోపీ మాత్రం మేం గూడ ఇస్తం అంకుల్," అన్నాడు. నాన్న తల మీది బెంగళూరు టోపీ తీసి టేబుల్ సొరుగులో పెట్టాడు.

పెళ్లికి ఫ్లెక్సీ పెట్టలేదు. కేబుల్ కట్టయ్యను పట్టుకుని, రోడ్డు మీది స్తంభం నుంచి హాల్లోకి మా ఒక్కరి కోసమే వైరు లాగించాం. పెళ్లి కార్డుతో పాటు లింకు అప్పటికే అందరి వాట్సాప్‌లకూ చేరింది గాని, ఎవరెంత చూసుకుంటే మాకేం? వాళ్ల దారి టవర్, మా దారి వైరు. పెళ్లి రోజు పొద్దున పెట్టి చూస్తే లైవ్ నదిలా పోతోంది. సోమక్క తల స్నానం చేసి, చెంబూ పళ్లెమూ పెట్టుకుని, దోసిట్లోకి సరిపడా బియ్యం పసుపుతో కలుపుకుని తయారుగా ఉంది. ఆమె పక్కన పెట్టించిన ఇంకో ఫోన్ స్పీకర్‌లో నేను ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను. సాయికిరణ్ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

పెళ్లికొడుకు బారాత్ వచ్చింది. ముందర డీజే బండి, దాని మీద మేడంత ఎత్తు పెట్టెలు. ఆ బండి గుమ్మం ముందు ఒక్క కుదుపుతో ఆగింది. ఆ పెట్టెలకు తగులుకున్న కట్టయ్య వైరు కూడా తెగి దాంతోపాటు వచ్చేసింది.

కట్టయ్య నిచ్చెన వేసుకుని పైకి చూస్తూ, "జర సేపు పడ్తదమ్మా," అన్నాడు. అతని జర సేపు నాకు తెలుసు, ముహూర్తం దాటి మూడో పంక్తి లేచేదాకా.

పరుగున సిమ్ కార్డుల మీదికి మారాను. హాలంతా ఫోన్లలోనే ఉంది. తెర ఒకసారి కదిలి, రెండుసార్లు ఆగి, పూర్తిగా నిలిచిపోయింది.

"బిడ్డా, ఆగింది," అంది సోమక్క. ఈసారి ఈగల మాట ఎత్తలేదు.

"మా దాక వస్తే మేం పంపుతం మేడమ్. మా దాకనే వస్తలేదు," అన్నాడు సాయికిరణ్ ల్యాప్‌టాప్ చూస్తూ.

నేను మైకు లాక్కున్నాను. "అందరికీ దండం. దయచేసి జరసేపు ఎవరూ ఫోన్లో లైవ్ చూడకుండ్రి."

దాంతో కొరివితో తల గోక్కున్నట్టయింది. అప్పటిదాకా ఊరికే కూర్చున్నవాళ్లు కూడా తలెత్తారు. "లైవ్ ఉన్నదా?" "లింకేది?" "నాకు పంపరాదు!" అని నాలుగు వైపుల నుంచీ వినబడింది. సాయికిరణ్ పటంలో ఎర్ర మచ్చ ఇంకా లావెక్కింది.

వేదిక మీద వినోదకూ పెళ్లికొడుకుకూ మధ్య అడ్డుతెర పట్టారు. అయ్యగారు జీలకర్ర బెల్లం ముద్ద తమలపాకులో సిద్ధం చేస్తున్నాడు. వినోద అడ్డుతెర ఇవతల నుంచి నా వైపు చూసింది. అయిందా అని కళ్లతోనే అడిగింది.

అప్పుడే అక్షింతల పళ్లాలు వరసల్లోకి వచ్చాయి. జనం ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో చిటికెడు బియ్యం తీసుకుంటున్నారు. ఒక చేత్తోనే.

కోళ్లకు గింజలు!

నేను మైకు నాన్న చేతిలో పెట్టాను. నా గొంతు కన్నా ఆయన గొంతు పదిమందికి నచ్చుతుంది. "అబ్బా, ఫోన్ల మాట ఎత్తకు. దోసిలి పట్టుమను. సోమక్క పేరు చెప్పు," అని చెవిలో చెప్పి, అటునుంచి అయ్యగారి దగ్గరికి ఉరికాను.

నాన్నకు ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. పెళ్లివాళ్లను నవ్వించడంలో తల నెరిసిన మనిషి.

"అక్కలు, బావలు, తమ్మీలు! ములుగు నుంచి సోమక్క మాట చెప్తాన్న, వినుండ్రి. ఒక్క చేత్తోటి ఏసేటియి కోళ్లకు గింజలు. అచ్చింతలకు దోసిలి గావాలె. పిల్లకు దీవెన పెడ్తాండ్రా, మేత పెడ్తాండ్రా? పట్టుండ్రి రెండు చేతులు!"

హాలు గొల్లుమంది. అయ్యగారు కూడా తన మైకు సర్దుకుని అందుకున్నాడు. "అవును, రెండు చేతులా దోసిలి పట్టండి. అరచేత్తో ఇచ్చే దీవెన సగమే."

సోమక్క పేరు వినగానే రాజేశ్వరక్క ఉలిక్కిపడి, ఫోన్ తీసి చేతిసంచిలో పడేసి, దోసిలి పట్టింది. ఆమెను చూసి పక్కావిడ, ఆమెను చూసి వెనక వరస. ఫోన్లు జేబుల్లోకీ, జాకెట్లలోకీ, తొడల కిందికీ పోయాయి. పళ్లాలు పట్టుకున్నవాళ్లు దోసిళ్ల నిండా బియ్యం పోశారు. దోసిలి నిండాక ఫోన్ ఎవరు పట్టగలరు? ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆ హాలంతా తలెత్తి పెళ్లికూతురిని చూసింది.

ల్యాప్‌టాప్‌లో ఎర్ర మచ్చ కరిగింది. బొమ్మ ఒకసారి వణికి, కదిలింది.

"కదిలింది బిడ్డా! పొల్ల కనపడ్తాంది!" అంది సోమక్క ఫోన్‌లో. ఆ తర్వాత ఆమె ఊపిరి మాత్రం వినబడుతోంది.

అడ్డుతెర మీది నుంచి చేతులు పోయాయి. జీలకర్ర బెల్లం వినోద వంచిన తల మీద పడింది. గట్టిమేళం ఎత్తుకున్న మొదటి దెబ్బతోనే హాలంతా పచ్చగా బియ్యం ఎగిరింది. అదే క్షణంలో, నా చెవిలో, స్టీలు పళ్లెం మీద జలజలమని బియ్యం రాలిన చప్పుడు.

నేను గెంతాను. నిజంగానే, అందరి ముందూ గెంతాను. "సాయికిరణ్! మీది అసలు ఆలస్యమే లేదు! మేళంతోటే పడ్డయ్!"

నిజాయితీ గల మనిషి, బుర్ర గోక్కున్నాడు. "అట్ల గాదు మేడమ్. తుమ్మంత ఆలస్యం ఉన్నది, నేను ఈడ చూస్తనే ఉన్న. మరి ఎట్ల కలిసిందో నాకు తెల్వది."

మేళం ఫోన్‌లో విని వేసిందేమో అనుకుంటే, అప్పుడు దాని తర్వాత పడాలి. కలిసి పడ్డాయి. సరే, ఏదైతేనేం, మాట దక్కింది. ఆ వారమే సాయికిరణ్ కంపెనీతో ఒప్పందం మీద నాన్న సంతకం పెట్టాడు. మూఢం నెలల సంగతి అందులో తెలుగులో రాయించాను. ఇప్పుడు మా ప్రతి పెళ్లిలోనూ ముహూర్తానికి ముందు నాన్న మైకు అందుకుని దోసిలి పట్టిస్తాడు. అది తన సొంత మాటేనన్నట్టు చెబుతాడు గాని, అది ఎవరి మాటో నాకు తెలుసు.

పెళ్లయ్యాక వినోదా, పెళ్లికొడుకూ, నేనూ కలిసి సోమక్కను చూడటానికి పోయాం. నాకు మనసులో ఆ లెక్క తెగలేదు. చాయ్ గ్లాసు చేతికందగానే అడిగేశాను.

"అమ్మమ్మా, నిజం చెప్పు. మా లైవ్ తుమ్మంత ఎనకకు నడుస్తది గదా. నీ అచ్చింతలు మేళంతోటే ఎట్ల పడ్డయ్?"

"అదేం బ్రమ్మవిద్యనా?" అంది సోమక్క. "సిన్నప్పటి సంది దీని తల దువ్వింది నేనే గదా. చిక్కు తీస్తే నొస్తదని, తల వంచేముందుగాల కింది పెదివి కొరుక్కుంటది. నీ పెట్టె ఒక తుమ్ము ఎనకాల నడుస్తదని నాకెర్కనే. అందుకే జీలకర్ర బెల్లం కోసం ఆగలే. పెట్టెల పొల్ల పెదివి కొరికింది, నేను దోసిలి ఇడిసిన. అంతే."

ఖిలాలో ఆ పెదవి కోసం నేనెంత విసుక్కున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. నాకు బొమ్మను పాడుచేసిన ఆ పెదవి, అంత దూరంలో ఉన్న ముసలామెకు ముహూర్తం చెప్పింది.

పక్కన కూర్చున్న వినోద కింది పెదవి కొరుక్కుని, అమ్మమ్మ ఒళ్లోకి తల వంచింది.